ఒకే పెట్టె, రెండు కాపురాలు: గ్యారీ కిల్డాల్ కథ

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే నల్లటి స్క్రీన్ మీద ఉబుంటు, దాని కింద విండోస్ బూట్ మేనేజర్ అని వరసగా లైన్లు, కింద సెకన్ల కౌంట్‌డౌన్. ఓఎస్ ల్యాబ్ మొదలయ్యాక మనలో చాలామంది మెషీన్లలో ఇది మామూలు సీనే. సీనియర్ ఎవరో పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి, సి డ్రైవ్‌ని కాస్త కుదించి, మిగిలిన జాగాలో లినక్స్ పెట్టి వెళ్తాడు. మర్నాటి నుంచి ఒకే పెట్టెలో రెండు కాపురాలు. ల్యాబ్ రికార్డుకి ఒకటి, గేమ్స్‌కి ఇంకొకటి.

ఈ ఏర్పాటు వెనక ఉన్నది ఒక చిన్న ఊహ. కంప్యూటర్ వేరు, దాని మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. ఇందులో వింతేముంది అనిపిస్తుంది కదా. కానీ 1970ల మొదట్లో చిన్న కంప్యూటర్ల లోకంలో ఇది మామూలు మాట కాదు. ఏ పెట్టె కొంటే ఆ పెట్టె తయారుచేసినవాడు ఇచ్చిందే గతి. పక్క కంపెనీ పెట్టెలో రాసిన ప్రోగ్రామ్ మన పెట్టెలో నడవదు. ఆ ముడి విప్పినవాడు గ్యారీ కిల్డాల్. అతను పోయి ముప్పై ఏళ్లు దాటింది. పేరు తెలిసినవాళ్లు కూడా అతని గురించి ఒకే ఒక్క కథ చెబుతారు: ఐబీఎం వాళ్లు ఇంటికొచ్చి తలుపు తడితే, ఈయన విమానమేసుకుని షికారుకి పోయాడట, ఆ ఛాన్స్ బిల్ గేట్స్‌కి పోయిందట. యూట్యూబ్‌లో వ్యూస్ రావడానికి బాగానే పనికొస్తుంది. ఆ కథ దగ్గరికి కూడా వద్దాం, కానీ ముందు మనిషి గురించి తెలుసుకుందాం.

గ్యారీ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. వాళ్లది ఓడల కుటుంబం. తండ్రి ఓడ కెప్టెన్. నావికులు కావాలనుకునేవాళ్లకి పాఠాలు చెప్పే స్కూలొకటి వాళ్ల కుటుంబానిదే ఉండేది. నడి సముద్రంలో మన ఓడ ఎక్కడుందో తేల్చాలంటే నక్షత్రాల ఎత్తు కొలిచి, త్రికోణమితి లెక్కలు వేయాలి. గ్యారీ కూడా కొన్నాళ్లు అక్కడ పాఠాలు చెప్పాడు. తర్వాత లెక్కల మాస్టారు అవుదామని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరాడు. అక్కడ కంప్యూటర్ పట్టుకుంది, ఇక వదల్లేదు.

వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు. నేవీలో పనిచేయాల్సిన బాధ్యత మీద పడింది. చదువుకున్నవాడు కాబట్టి తుపాకీ బదులు సుద్దముక్క చేతికిచ్చి, కాలిఫోర్నియాలోని మాంటరేలో ఉన్న నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌కి పంపారు. అక్కడ పాఠాలు చెబుతూనే 1972లో సొంత యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ పూర్తిచేశాడు. సబ్జెక్టు కంపైలర్ ఆప్టిమైజేషన్. మన కంపైలర్ డిజైన్ పేపర్లో చివరి యూనిట్‌లో డేటా ఫ్లో అనాలిసిస్ అని ఒకటుంటుంది చూడండి, చాలామంది ఛాయిస్‌లో వదిలేసేది. దానికి గణితం పునాది వేసిన పేపర్లలో 1973లో ఇతను ప్రచురించినది ముఖ్యమైనది. అంటే ఈయన గ్యారేజీలో అదృష్టం కలిసొచ్చిన కుర్రాడు కాదు, గట్టి కంప్యూటర్ సైంటిస్టు.

1971లో ఇంటెల్ 4004 అనే చిప్ వచ్చింది. గోరంత ముక్కలో ఒక ప్రాసెసర్. అప్పట్లో చాలామంది ఇంజినీర్లకి అది ట్రాఫిక్ లైట్లకో, క్యాలిక్యులేటర్లకో పనికొచ్చే భాగంలా కనిపించింది. గ్యారీకి మాత్రం అది ఒక పూర్తి కంప్యూటర్‌లా కనిపించింది. నాన్న జీవితాంతం చేతితో వేసిన నావిగేషన్ లెక్కలు ఈ ముక్క చేసిపెట్టలేదా అన్నది అతని తొలి ఆలోచనల్లో ఒకటి. మాంటరే నుంచి సిలికాన్ వ్యాలీ కారులో వెళ్లొచ్చేంత దూరమే. వారంలో ఖాళీ దొరికిన రోజున ఇంటెల్‌కి వెళ్లి కన్సల్టెంట్‌గా పనిచేయడం మొదలుపెట్టాడు. ఇంటెల్ చిప్‌ల కోసం పీఎల్/ఎమ్ అనే భాష తయారుచేశాడు. అప్పటిదాకా మైక్రోప్రాసెసర్‌కి ప్రోగ్రామ్ రాయడమంటే అసెంబ్లీయే. మన 8086 ల్యాబ్ గుర్తు తెచ్చుకోండి, అదే తంతు, కాకపోతే తెల్లవార్లూ.

ఇక్కడ ఒక చిక్కు. పీఎల్/ఎమ్ కంపైలర్ నడవాలంటే గదంత పెద్ద టైమ్‌షేరింగ్ మెషీన్ కావాలి. పెద్ద యంత్రం మీద కంపైల్ చేసి, ఆ ఫలితాన్ని కాగితం టేపు మీద చిల్లులుగా కొట్టించి, చిన్న యంత్రానికి తినిపించాలి. గ్యారీకి చిన్న యంత్రం మీదే అన్నీ జరగాలని ఆశ. అందుకు ఏదైనా దాచుకునే చోటు కావాలి. అప్పుడే కొత్తగా వస్తున్న ఫ్లాపీ డ్రైవ్‌ని షుగార్ట్ కంపెనీ నుంచి సంపాదించాడు. తీరా చూస్తే దాన్ని కంప్యూటర్‌కి కలిపే కంట్రోలర్ లేదు. హార్డ్‌వేర్ తన చేతికి లొంగే విద్య కాదని అతనికి తెలుసు. స్నేహితుడు జాన్ టొరోడ్ ఆ సర్క్యూట్ కట్టి పెట్టాడు. 1974లో డ్రైవ్ తిరిగింది. దాన్ని నడిపించడానికి గ్యారీ రాసిన ప్రోగ్రామే సీపీ/ఎమ్.

దాన్ని ఇంటెల్‌కి చూపించాడు. వాళ్లు భాషని తీసుకున్నారు, ఆపరేటింగ్ సిస్టమ్ తమకి అక్కర్లేదన్నారు. ఇంటెల్ చేతిలో పెట్టిన దాన్ని ఇంటెల్ వదిలేసింది, ఇది మాత్రం షికారు కథంత ఫేమస్ కాలేదు ఎందుకో.

ఒక సరదా ముచ్చట. ఈ సిస్టమ్‌ని తొలి రోజుల్లో అతను వాడిన పనుల్లో ఒకటి జాతకాల యంత్రం! బెన్ కూపర్ అనే అతను నాణెం వేస్తే జాతకం చెప్పే పెట్టె చేద్దామన్నాడు, దాని ప్రోగ్రామ్ గ్యారీ రాశాడు. గ్రహాల లెక్క అతనికి కష్టం కాదు, నావికుల ఇంటి బిడ్డ. వ్యాపారంగా ఆ పెట్టె నిలబడలేదు. కానీ ఆ పని కోసం పదునుపెట్టుకున్న ఎడిటర్, అసెంబ్లర్, డీబగ్గర్ లాంటివి సీపీ/ఎమ్‌తో పాటే జనంలోకి వెళ్లాయి.

భార్య డొరోతీ మెక్యూయెన్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. మొదటి పేరు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్. మన ఫెస్ట్‌లో స్టాల్‌కి పెట్టుకునే పేరులా ఉంది, తర్వాత డిజిటల్ రీసెర్చ్ అని కుదించారు. పసిఫిక్ గ్రోవ్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఇంటి నుంచే నడిచేది. వ్యాపారం డొరోతీ చూసుకునేది, కోడ్ ఇతను చూసుకునేవాడు. మ్యాగజైన్‌లో ప్రకటన వేసి, పోస్టులో డిస్కులు పంపేవాళ్లు. ధర 70 డాలర్ల చిల్లర.

అసలు మలుపు ఇక్కడుంది. ఇమ్సాయ్ అనే కంపెనీ తమ కంప్యూటర్‌కి సీపీ/ఎమ్ కావాలని అడిగింది. వాళ్ల డిస్క్ కంట్రోలర్ వేరు. అలా ప్రతి కొత్త కంపెనీకీ సిస్టమ్ మొత్తం తిరగరాయడం గ్యారీకి విసుగు. కూర్చుని కోడ్‌ని విడగొట్టాడు. యంత్రంతో నేరుగా మాట్లాడే భాగమంతా ఒక పక్కకి నెట్టాడు: ఒక అక్షరం స్క్రీన్ మీద వేయి, కీబోర్డ్ నుంచి ఒకటి తీసుకో, ఫలానా ట్రాక్‌కి పో, ఫలానా సెక్టార్ చదువు, రాయి. పట్టుమని ఇరవై కూడా లేని చిన్న చిన్న రొటీన్లు. దానికి బయోస్ అని పేరు పెట్టాడు. అవును, మనం డిలీట్ కీ, ఎఫ్2 కీ కొట్టి వెళ్లే ఆ మాట పుట్టింది ఇతని దగ్గరే, అర్థం కాస్త మారినా. ఫైళ్లని చూసుకునే పై భాగం ఏ యంత్రంలోనైనా ఒకటే. కంపెనీ మారితే ఆ చిన్న ముక్క ఒక్కటి రాసుకుంటే చాలు. ఆ ముక్క కూడా కంపెనీవాళ్లే రాసుకుంటారు.

దీని ఫలితం చూడండి. ఒకరి పెట్టెలు ఒకరికి పొసగని వందల కంపెనీలకి ఒక్కసారిగా ఉమ్మడి నేల దొరికింది. వర్డ్‌స్టార్ రాసినవాళ్లు, డీబేస్ రాసినవాళ్లు ఒక్క సీపీ/ఎమ్ కోసం రాస్తే చాలు. ప్యాకెట్‌లో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ అనే వ్యాపారం దీని మీదే కాళ్లూనుకుంది. నా దృష్టిలో కిల్డాల్ చేసిన పెద్ద పని సీపీ/ఎమ్ కన్నా ఈ గీత గీయడమే. ఈ గీత లేకపోతే ఒకే యంత్రం మీద ఇంకో ఓఎస్ పెట్టాలనే కోరికకే అర్థం లేదు.

ఆ కోరిక తీరడం కూడా అప్పుడే మొదలైంది. యాపిల్ 2 కంప్యూటర్‌లో ప్రాసెసర్ వేరు, 6502. సీపీ/ఎమ్ దాని మీద నడవదు. 1980లో సాఫ్ట్‌కార్డ్ అని ఒక కార్డు వచ్చింది. దాని మీద జడ్80 ప్రాసెసర్. యాపిల్ స్లాట్‌లో ఆ కార్డు గుచ్చి, సీపీ/ఎమ్ ఫ్లాపీ పెట్టి ఆన్ చేస్తే యాపిల్ కాస్తా సీపీ/ఎమ్ మెషీన్. ఫ్లాపీ మార్చి మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ యాపిల్. 349 డాలర్లు పెట్టి జనం ఎగబడి కొన్నారు. ఇంతకీ ఆ కార్డు చేసి అమ్మింది ఎవరనుకున్నారు? మైక్రోసాఫ్ట్. అందులోని సీపీ/ఎమ్‌కి లైసెన్స్ తీసుకుంది డిజిటల్ రీసెర్చ్ దగ్గర. అప్పటికి ఎవరు ఎవరి కస్టమరో గమనించండి.

ఇప్పుడు ఆ విమానం కథ. 1980లో ఐబీఎం గుట్టుగా ఒక పర్సనల్ కంప్యూటర్ తయారుచేస్తోంది. ప్రోగ్రామింగ్ భాషల కోసం మైక్రోసాఫ్ట్ దగ్గరికి వెళ్లింది. ఆపరేటింగ్ సిస్టమ్ కావాలంటే గేట్స్ తానే వాళ్లని పసిఫిక్ గ్రోవ్‌కి పంపాడు. వాళ్లు వచ్చిన రోజు గ్యారీ విమానం నడిపిన మాట నిజం. తోడుగా టామ్ రొలాండర్ అనే తన ఇంజినీర్. వెళ్లింది షికారుకి కాదు, బిల్ గోడ్‌బౌట్ అనే హార్డ్‌వేర్ కస్టమర్‌ని కలవడానికి. కాంట్రాక్టుల మాటలు ఎప్పుడూ డొరోతీయే చూసేది, ఆ రోజూ అంతే. ఐబీఎం వాళ్లు ముందుగా ఒక గోప్యతా పత్రం మీద సంతకం పెట్టమన్నారు. మేము చెప్పింది మీరు దాచాలి, మీరు చెప్పింది మేము దాచనక్కర్లేదు అన్నట్టుండే ఏకపక్షం కాగితం. ఆమె, కంపెనీ లాయరు వెనకాడారు. మధ్యాహ్నానికి గ్యారీ వచ్చేశాడు. ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారన్నది ఇరుపక్షాలూ ఇరవై రకాలుగా చెప్పుకున్నారు. ఒప్పందం మాత్రం కుదరలేదు. చేతిలో నడుస్తున్న వ్యాపారం ఉన్న ఎవరైనా అలాంటి కాగితం చూసి ఆగుతారు. దాన్ని బద్ధకం అని ప్రచారం చేయడం అన్యాయం అనిపిస్తుంది నాకు.

ఐబీఎం తిరిగి మైక్రోసాఫ్ట్ దగ్గరికి వెళ్లింది. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీలో టిమ్ పాటర్సన్ అనే ఇంజినీర్, 8086 కోసం సీపీ/ఎమ్ రావడం ఆలస్యమవుతోందని, సీపీ/ఎమ్ మాన్యువల్ ముందు పెట్టుకుని అలాంటిదే ఒకటి రాసుకున్నాడు. మైక్రోసాఫ్ట్ ముందు లైసెన్స్ తీసుకుని, 1981 జులైలో హక్కులన్నీ 50 వేల డాలర్లకి కొనేసింది. అదే పీసీ డాస్, అదే ఎంఎస్ డాస్. కోడ్ ఎత్తేశారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. తర్వాతి కాలంలో పోల్చి చూసినప్పుడు కోడ్ కాపీ ఆనవాళ్లు దొరకలేదు. కానీ బయటి రూపం మాత్రం అచ్చం అదే. ఎ, బి అనే డ్రైవ్ అక్షరాలు, ఎనిమిది అక్షరాల పేరు, మూడు అక్షరాల తోక, ప్రోగ్రామ్ మెమరీలో 256వ బైట్ దగ్గర మొదలవడం, సిస్టమ్‌ని పిలిచే నంబర్లు చాలావరకు. పాత ప్రోగ్రామ్‌లు సులువుగా కొత్త ఇంటికి మారాలనే అలా చేశారు. ఒకరి వంట ఎత్తుకుపోలేదు, వంటిల్లు మొత్తం అదే కొలతలతో కట్టుకున్నారు.

గ్యారీ చూసి మండిపడ్డాడు. అప్పటికి సాఫ్ట్‌వేర్ కాపీరైట్ చట్టం తేలని స్థితిలో ఉంది. కోర్టుకి పోకుండా ఐబీఎంతో రాజీకొచ్చాడు: కొత్త పీసీ మీద అతని సీపీ/ఎమ్-86 కూడా అమ్మాలి. అతను సంతోషంగానే ఒప్పుకున్నాడు. రెండూ పక్కపక్కన పెడితే జనం మంచిదే ఎంచుకుంటారని నమ్మకం.

1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ వచ్చింది. మన టాపిక్‌కి కావలసిన విషయం ఇదే: ఆ పీసీ పుట్టుకే ఒకటి కన్నా ఎక్కువ ఓఎస్‌లతో. పీసీ డాస్, సీపీ/ఎమ్-86, యూసీఎస్‌డీ పీ-సిస్టమ్, మూడింట్లో ఏది కావాలంటే అది. యంత్రంలోని రామ్ చిప్‌లో కాదు, రోమ్ చిప్‌లో ఉన్న చిన్న కోడ్ చేసే పని ఒక్కటే. ఫ్లాపీలో మొట్టమొదటి సెక్టార్, 512 బైట్లు, మెమరీలోకి చదివి దానికి పగ్గాలు అప్పగిస్తుంది. ఆ 512 బైట్లు ఎవరివి అని అడగదు. డాస్ ఫ్లాపీ పెడితే డాస్, సీపీ/ఎమ్ ఫ్లాపీ పెడితే సీపీ/ఎమ్. బూట్ మెనూ లేదు, చేతిలో ఉన్న ఫ్లాపీయే మెనూ.

మరి జనం ఎందుకు ఎంచుకోలేదు? ధర బోర్డు చూడండి. పీసీ డాస్ 40 డాలర్లు. సీపీ/ఎమ్-86 240 డాలర్లు. పైగా డాస్ మొదటి రోజు నుంచే దొరికింది, సీపీ/ఎమ్-86 చేతికి రావడానికి 1982 దాకా ఆగాల్సొచ్చింది. హాస్టల్ కుర్రాడిని అడిగినా చెబుతాడు ఏది కొంటాడో. ఆ ధర చూసినప్పుడు తనని మోసం చేశారని గ్యారీకి అనిపించింది. తర్వాత డిజిటల్ రీసెర్చ్ ధర బాగా తగ్గించింది, కానీ అప్పటికే బస్సు వెళ్లిపోయింది.

1983 మార్చిలో హార్డ్ డిస్క్‌తో పీసీ ఎక్స్‌టీ వచ్చింది, 10 మెగాబైట్లు. దాంతోపాటు పీసీ డాస్ 2.0. ఫ్లాపీ అయితే మార్చొచ్చు, లోపల బిగించిన డిస్క్‌ని ఎలా మారుస్తాం? అందుకే డిస్క్‌ని గదులుగా విడగొట్టే పట్టిక పెట్టారు. మొదటి సెక్టార్‌లో 446 బైట్లు కోడ్‌కి, 64 బైట్లు పట్టికకి, చివర 2 బైట్లు సంతకం. ఒక్కో గదికి 16 బైట్లు, మొత్తం నాలుగు గదులు. వేర్వేరు ఓఎస్‌లు ఒకే డిస్క్‌ని పంచుకోవడం కోసమే ఈ ఏర్పాటు. ఎఫ్‌డిస్క్‌తో ఒక గదిని యాక్టివ్ అని గుర్తుపెట్టి రీస్టార్ట్ చేస్తే అందులోని ఓఎస్ లేస్తుంది. మనకి తెలిసిన ఎంబీఆర్ ఇదే. ఇది కిల్డాల్ చేసింది కాదు. కానీ డాస్ ఒక్కటే ఉండుంటే ఇన్ని గదుల అవసరం ఎవరికీ వచ్చేది కాదు.

అతనేమో ఇంకో అడుగు ముందుకేశాడు. రీస్టార్ట్ ఎందుకు, అన్నీ ఒకేసారి నడిస్తే పోలేదా? అతని కంపెనీ నుంచి కన్‌కరెంట్ సీపీ/ఎమ్ వచ్చింది. ఒక కీ నొక్కితే ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కి, మన లినక్స్‌లో కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కినట్టు. 1984కల్లా అదే కన్‌కరెంట్ డాస్‌గా మారి, సీపీ/ఎమ్ ప్రోగ్రామ్‌లనీ డాస్ ప్రోగ్రామ్‌లనీ ఒకే యంత్రంలో పక్కపక్కన నడిపింది. మామూలు డాస్ వాడేవాళ్లు ఒక ప్రోగ్రామ్ మూసి ఇంకోటి తెరుస్తున్న రోజుల్లో ఇది. అమ్మకాల లెక్కలో మాత్రం డాస్ దరిదాపుల్లోకి రాలేదు.

మిగతా జీవితం త్వరగా చెబుతాను. 1983లో డొరోతీతో విడాకులయ్యాయి. అదే ఏడాది నుంచి 1990 దాకా కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమంలో స్టువర్ట్ షీఫే పక్కన సహ వ్యాఖ్యాతగా కూర్చున్నాడు. పాత ఎపిసోడ్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, చూడండి. ఎర్రటి గడ్డం, నెమ్మదైన మాట, వచ్చిన అతిథి పోటీదారైనా సరే గుచ్చని ప్రశ్న. 1985లో గ్రోలియర్ ఎన్‌సైక్లోపీడియా మొత్తాన్ని ఒక్క సీడీ రోమ్ మీదకి ఎక్కించిన పనికి నాయకుడు అతనే. వికీపీడియాకి పదహారేళ్ల ముందు మాట. కంపెనీ 1988లో డీఆర్ డాస్ తెచ్చింది, అదే డాస్‌కి పోటీగా. అంటే తన నకలుకి నకలు చేయాల్సొచ్చింది. 1991లో నోవెల్ కంపెనీ డిజిటల్ రీసెర్చ్‌ని కొనేసింది. చేతికి డబ్బు బాగానే వచ్చింది. అతను టెక్సస్‌కి మకాం మార్చాడు.

డబ్బు లేక కాదు అతను కుంగిపోయింది. 1992లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ కంప్యూటర్ సైన్స్ విభాగం పాతికేళ్ల పండగ చేసింది. ఆ విభాగం నుంచి పీహెచ్‌డీ తీసుకున్న ఇతన్ని వచ్చి కూర్చోమన్నారు. ప్రధాన ఉపన్యాసం మాత్రం హార్వర్డ్ మధ్యలో వదిలేసిన బిల్ గేట్స్‌కి ఇచ్చారు. ఆ గాయంతోనే తన జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టాడు. పుస్తకంగా వేయలేదు, కొన్ని ప్రతులు స్నేహితులకి, ఇంట్లోవాళ్లకి ఇచ్చాడంతే. ఎక్కడికెళ్లినా ఆ విమానం ప్రశ్నే ఎదురయ్యేది. చివరి ఏళ్లలో తాగుడు ఎక్కువైంది. 1994 జులై 8న మాంటరేలోని ఒక బార్‌లో తలకి దెబ్బ తగిలింది. మూడు రోజులకి, జులై 11న, చనిపోయాడు. 52 ఏళ్లు. సియాటిల్‌లో ఖననం చేశారు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. 2014లో సీపీ/ఎమ్‌కి 40 ఏళ్లు నిండినప్పుడు పసిఫిక్ గ్రోవ్‌లో పాత ఆఫీసు దగ్గర ఐట్రిపుల్ఈ వాళ్లు మైలురాయి ఫలకం పెట్టారు. అదే ఏడాది కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం తొలి సీపీ/ఎమ్‌ల సోర్స్ కోడ్‌ని అందరూ చూసేలా బయటపెట్టింది. 2016లో పిల్లల అనుమతితో ఆయన జ్ఞాపకాల మొదటి భాగం కూడా వచ్చింది.

ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎంబీఆర్ పోయి జీపీటీ వచ్చింది, నాలుగు గదుల గోల లేదు. అయినా పాత పెన్‌డ్రైవ్‌లలో ఆ పట్టిక ఇంకా బతికే ఉంది. వీలైతే లినక్స్ వైపు బూట్ చేసి, అలాంటి పెన్‌డ్రైవ్ మీద ఎఫ్‌డిస్క్ తెరిచి ఎల్ అని కొట్టండి. విభాగాల రకాల జాబితా స్క్రీన్ నిండా వస్తుంది: ఫ్యాట్, ఎన్టీఎఫ్ఎస్, లినక్స్ స్వాప్, ఇంకా ఎవరికీ గుర్తులేని పేర్లు బోలెడు. వాటి మధ్యలో 52 అనే నంబర్ పక్కన సీపీ/ఎమ్ అని ఉంటుంది. చూసి, ఏదీ రాయకుండా క్యూ కొట్టి బయటికి వచ్చేయండి. డబ్ల్యూ మాత్రం నొక్కకండి, పెన్‌డ్రైవ్ సీనియర్‌ది కదా.